సుప్రీంకోర్టు మాటను సుప్రీంకోర్టే దిద్దుకున్న కథ

"పెద్ద కోర్టే చెప్పేసింది గదయ్యా! ఇంక మనం చేసేదేముంది?"

కూలీపేటల్లో, సంఘం సమావేశాల్లో ఈ మాట మనం తరచు వింటూ వుంటాం. కింది కోర్టులో ఓడితే జిల్లా కోర్టు, అక్కడా ఓడితే హైకోర్టు, హైకోర్టులోనూ ఓడితే ఢిల్లీలో సుప్రీంకోర్టు. ఆ పైన ఇక ఆకాశమే గదా అని మనవాళ్ళు చతికిలపడతారు. పెత్తందారుకు కావలసింది కూడా అదే. పేదవాడు చతికిలపడితే వాడు కేసు గెలిచినట్లే.

ఈ మాటలో సగం నిజం వుంది. సుప్రీంకోర్టు పైన మరో కోర్టు లేదు. కాని ఆ కోర్టు తన తీర్పును తానే మళ్ళీ చూసుకోవచ్చు, తప్పయితే దిద్దుకోవచ్చు. ఆ సంగతి మన రాజ్యాంగం 137వ అధికరణంలోనే రాసి వుంది. దాన్నే రివ్యూ అంటారు. ఆ తలుపు చాలా ఇరుకు. తట్టినవాళ్ళలో చాలామంది వట్టి చేతులతోనే తిరిగొస్తారు. అయినా వ్యవసాయ కూలీల బతుకుతో నేరుగా ముడిపడిన ఒక కేసులో ఆ తలుపు తెరుచుకుంది. 2018 మార్చిలో ఇచ్చిన తీర్పులోని ముఖ్యమైన ఆదేశాలను 2019 అక్టోబరులో సుప్రీంకోర్టు తానే వెనక్కి తీసుకుంది. అది ఎస్.సి., ఎస్.టి. అత్యాచారాల నిరోధక చట్టానికి సంబంధించిన కేసు.

ఈ కథ మనం ఎందుకు చెప్పుకోవాలి? "ముందు ఎంక్వయిరీ, తర్వాతే కేసు. సుప్రీంకోర్టే చెప్పింది" అని స్టేషనులో ఎవరైనా అంటే, "ఆ ఆదేశం 2019లోనే పోయింది సార్" అని నిలబడి చెప్పగలిగిన మనిషి ప్రతి పేటలోనూ వుండాలి. అందుకు.

ఈ చట్టం ఊరికే రాలేదు

ముందు చట్టం ఎలా పుట్టిందో గుర్తు చేసుకుందాం. 1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన తగవు మారణకాండగా మారింది. ఆరుగురు దళితులను చంపారు. ఆడవాళ్ళపై అత్యాచారాలు చేశారు. మిగిలినవాళ్ళు ఊరొదిలి చీరాలలో శిబిరం వేసుకుని బతకవలసి వచ్చింది. మంచినీళ్ళలో మురికి కలపొద్దని అడగటమే ఆ మాదిగపల్లె చేసిన నేరం. ఆ కేసు తుది తీర్పు సుప్రీంకోర్టు నుంచి రావడానికి 2008 దాకా పట్టింది. అంటే 23 ఏళ్ళు.

కారంచేడు ఒక్కటే కాదు. దేశమంతటా ఇలాంటి ఘోరాలు జరుగుతూ వుంటే, మామూలు చట్టాలు చాలవని అందరూ ఒప్పుకోక తప్పలేదు. 1989లో పార్లమెంటు ఈ అత్యాచారాల నిరోధక చట్టం చేసింది. 1990 జనవరి 30 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఇందులో కూలీలకు పనికొచ్చే సెక్షన్లు చాలా వున్నాయి. దళితుడి భూమిని, గిరిజనుడి భూమిని కబ్జా చేయడం, వాళ్ళను అందులోంచి వెళ్ళగొట్టడం, వెట్టి చేయించుకోవడం, నలుగురిలో కులం పేరుతో తిట్టడం, అన్నీ నేరాలే. 18వ సెక్షను ప్రకారం నిందితుడికి ముందస్తు బెయిలు లేదు. ఎందుకు లేదు? ఆసామి బెయిలు కాగితం జేబులో పెట్టుకుని పేటలోకొచ్చి మీసం తిప్పితే, సాక్ష్యం చెప్పేవాడెవడు? ఆ సెక్షను చెల్లుతుందని 1995లో సుప్రీంకోర్టే తీర్పు చెప్పింది.

చట్టం వచ్చినంత మాత్రాన చంపడం ఆగలేదు. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితులను నరికి చంపారు. కొన్ని శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. బాధితులు పట్టుబట్టి ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. ఈ సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి. దీనితో మళ్ళీ పని పడుతుంది.

ఒక ఉద్యోగి కేసు, కోట్లమంది మెడకు

ఇక 2018 తీర్పు సంగతి. అది మహారాష్ట్ర కేసు. అక్కడ ఒక ప్రభుత్వ కళాశాలలో పనిచేసే ఎస్.సి. ఉద్యోగి గురించి పై అధికారులు రహస్య నివేదికలో చెడుగా రాశారు. అతను అత్యాచారాల చట్టం కింద ఫిర్యాదు చేశాడు. ఆ అధికారులపై కేసు నడపడానికి పై శాఖాధికారి అనుమతి ఇవ్వలేదు. దానితో ఆ శాఖాధికారిపై కూడా 2016లో కేసు పెట్టాడు. ఆ కేసు కొట్టివేయమని శాఖాధికారి హైకోర్టుకు పోయాడు. హైకోర్టు కాదంది. సుప్రీంకోర్టుకు పోయాడు.

ఇంతవరకూ ఇది ఆఫీసులో ఇద్దరు ముగ్గురి మధ్య తగవు. ఆ అధికారిపై కేసు నిలుస్తుందా, నిలవదా అన్నంత వరకే తేల్చి వుంటే దేశం అట్టుడికేది కాదు. కాని జస్టిస్ ఆదర్శ్ కుమార్ గోయల్, జస్టిస్ ఉదయ్ ఉమేశ్ లలిత్‌ల బెంచి 2018 మార్చి 20న ఇచ్చిన తీర్పులో ఆ అధికారిపై కేసు కొట్టేయడంతో ఆగలేదు. ఈ చట్టం దుర్వినియోగం అవుతోందంటూ దేశమంతటికీ వర్తించే ఆదేశాలు జారీ చేసింది. ఆ ఆదేశాలు ఇవి:

ఒకటి: కేసులో పస కనిపించకపోయినా, దురుద్దేశంతో పెట్టినట్లు తోచినా ముందస్తు బెయిలు ఇవ్వవచ్చు.

రెండు: ప్రభుత్వోద్యోగిని అరెస్టు చేయాలంటే అతన్ని నియమించిన అధికారి అనుమతి కావాలి. బయటివాణ్ణి అరెస్టు చేయాలంటే జిల్లా పోలీసు పెద్ద అధికారి అనుమతి కావాలి.

మూడు: ఎఫ్.ఐ.ఆర్. రాయడానికి ముందు డి.ఎస్.పి. ప్రాథమిక విచారణ జరపవచ్చు. ఫిర్యాదు నిజమా, కల్పితమా అన్నది ముందు చూస్తారు.

నాలుగు: వీటిని మీరిన పోలీసు అధికారిపై శాఖాపరమైన చర్యతో పాటు కోర్టు ధిక్కారం కేసు కూడా వుంటుంది.

చివరిది చూశారా? కేసు కట్టకుండా నాన్చిన ఎస్.ఐ.కి వచ్చే నష్టం ఏమీ లేదు. తొందరగా కేసు కట్టి అరెస్టు చేసినవాడికే భయం. "దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడు" అనే సామెత మనకు తెలిసిందే. ఈ తీర్పుతో పూజారి చేతికి ఇంకో తాళం ఇచ్చినట్లయింది.

ఆ కేసులో కక్షిదారులు ఒక అధికారి, ఒక ఉద్యోగి, మహారాష్ట్ర ప్రభుత్వం. పొలంలో నాటు వేస్తున్న కూలీ మనిషి, పోడు గిరిజనుడు అందులో కక్షిదారులు కారు. కాని తీర్పు వాళ్ళ మెడకు చుట్టుకుంది.

అంకెలు ఎవరి పక్షం?

కోర్టు ఏ ఆధారంతో "దుర్వినియోగం" అన్నది? ఇతర కారణాలతో పాటు కోర్టు ముందుకు ఒక లెక్క వచ్చింది. 2015లో ఈ చట్టం కింద కోర్టులు తేల్చిన కేసులు 15,638. అందులో శిక్షలు పడ్డవి 4,119. నిందితులు విడుదలైనవి 11,024. ఉపసంహరించుకున్నవి 495. అంటే నాలుగు కేసుల్లో మూడు నిలవలేదు.

ఈ అంకెలను రెండు రకాలుగా చదవవచ్చు. మేడ మీద కూర్చుని చదివితే, "చూశారా, నాలుగింట మూడు దొంగ కేసులు" అనిపిస్తుంది. పేటలో కూర్చుని చదివితే వేరే అర్థం కనబడుతుంది. సాక్షి ఆసామి పొలంలోనే కూలికి పోవాలి. వాడి దగ్గరే అప్పు పడి వున్నాడు. కోర్టుకు పోయిన రోజు కూలి లేదు. వాయిదాలు ఏళ్ళ తరబడి సాగుతాయి. దర్యాప్తు సరిగ్గా వుండదు. చివరికి సాక్షి, "నాకేమీ తెలవదు దొరా" అంటాడు. కేసు పోతుంది. ఆ పోయిన కేసు ఢిల్లీలో "విడుదలైనవి" అన్న గడిలో ఒక అంకె అవుతుంది.

ఇప్పుడు చుండూరు గుర్తు చేసుకోండి. 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. ఆ లెక్కలో అదీ ఒక "నిలవని కేసు"గానే చేరుతుంది. అంతమాత్రాన అక్కడ ఎనిమిది శవాలు లేవలేదా? ఎనిమిదిమంది కల్పితంగా చచ్చిపోయారా? కేసు ఓడిపోవడం వేరు, కేసు అబద్ధం కావడం వేరు. ఈ తేడా మరిచిపోతే చట్టం ఎంత బలహీనంగా అమలైతే, అది అంత దుర్వినియోగమైనట్లు లెక్క తేలుతుంది. అమలు చెయ్యనివాడి తప్పు ఫిర్యాదు చేసినవాడి నెత్తిన పడుతుంది.

రివ్యూ అంటే ఏమిటి?

ఈ తీర్పును మార్చాలంటే దారేది? అప్పీలుకు పై కోర్టు లేదు. మిగిలింది రివ్యూ.

రివ్యూ అంటే మళ్ళీ మొదటినుంచి వాదించడం కాదు. "మా వాదన సరిగా వినలేదు, ఇంకోసారి వినండి" అంటే కుదరదు. చూడగానే కనిపించే తప్పు తీర్పులో వుండాలి. సివిలు వ్యవహారమైతే, ఎంత జాగ్రత్తగా వెతికినా అప్పట్లో దొరకని కొత్త సాక్ష్యం ఇప్పుడు దొరికినా అడగవచ్చు. తీర్పు వచ్చిన 30 రోజుల్లోపల దరఖాస్తు పడాలి. వీలైనంతవరకు ఆ తీర్పు చెప్పిన జడ్జీల దగ్గరికే అది పోతుంది. మామూలుగా లాయర్లు నిలబడి వాదించేది వుండదు. జడ్జీలు తమ గదుల్లో కాగితాలు చూసి, చాలావాటిని అక్కడే కొట్టేస్తారు. ఒకసారి రివ్యూ కొట్టేస్తే రెండో రివ్యూ లేదు. ఆ తర్వాత క్యూరేటివ్ పిటిషన్ అని ఇంకొకటి వుంది. 2002లో ఒక కేసులో సుప్రీంకోర్టు తానే కల్పించిన దారి అది. మమ్మల్ని వినకుండానే మాపై తీర్పు చెప్పారనో, జడ్జికి ఆ వ్యవహారంలో సొంత సంబంధం వుందనో చూపించగలిగితేనే ఆ దారి. అది రివ్యూ కంటే ఇంకా ఇరుకు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. పాత తీర్పును మరో కేసులో పెద్ద బెంచి తోసిపుచ్చడం వేరు, అదే కేసులో రివ్యూ వేరు. పంజాబ్ భూసంస్కరణల చట్టాన్ని సవాలు చేసిన గోలక్‌నాథ్ కేసులో 1967లో 11 మంది జడ్జీలు, ప్రాథమిక హక్కులను తగ్గించే సవరణ చేసే అధికారం పార్లమెంటుకు లేదన్నారు. ఆస్తి హక్కు అప్పట్లో ప్రాథమిక హక్కే. ఆరేళ్ళ తర్వాత 1973లో, కేశవానంద భారతి కేసులో 13 మంది కూర్చుని ఆ మాటను తోసిపుచ్చారు. రాజ్యాంగ మూలస్వరూపాన్ని మాత్రం చెడగొట్టరాదని హద్దు పెట్టారు. అది మరో కేసు, మరో బెంచి, ఆరేళ్ళ కాలం. రివ్యూ అలా కాదు. చెప్పిన తీర్పునే పట్టుకుని, "ఇది తప్పండీ, దిద్దండి" అని అడగడం.

రోడ్డు, పార్లమెంటు, కోర్టు

2018 ఏప్రిల్ 2న దళిత సంఘాల పిలుపుతో భారత్ బంద్ జరిగింది. ఉత్తరాది రాష్ట్రాల్లో జనం పెద్ద ఎత్తున రోడ్డెక్కారు. చాలాచోట్ల హింస చెలరేగింది. పలువురు చనిపోయారు. మధ్యప్రదేశ్‌లో ఎక్కువమంది ప్రాణాలు పోయాయి. అదే రోజు కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టులో రివ్యూ పిటిషన్ వేసింది. తీర్పు వచ్చిన రెండు వారాల దాకా వెయ్యని పిటిషన్ బంద్ రోజున పడింది. ఇందులో పాఠం ఏమిటో మనవాళ్ళకు విడమరచి చెప్పనక్కరలేదు.

మర్నాడే కోర్టు ఆ పిటిషన్ విన్నది. కాని తీర్పు అమలు ఆపడానికి ఒప్పుకోలేదు. విచారణ సాగుతూ వుండగా ఒత్తిడి పార్లమెంటు మీదికి మళ్ళింది. 2018 ఆగస్టులో పార్లమెంటు చట్టాన్ని సవరించి, 18-ఎ అనే కొత్త సెక్షను చేర్చింది. ఆగస్టు 20 నుంచి అది అమల్లోకి వచ్చింది. అందులో వున్నది సూటిగా మూడు ముక్కలు. ఎఫ్.ఐ.ఆర్. రాయడానికి ప్రాథమిక విచారణ అక్కరలేదు. అవసరమైన అరెస్టుకు ఎవరి అనుమతీ అక్కరలేదు. ఏ కోర్టు తీర్పు ఏమి చెప్పినా ముందస్తు బెయిలు ఈ కేసులకు వర్తించదు.

ఈ సవరణతోనే పని అయిపోయిందని కొందరనుకున్నారు. కాని తీర్పు అలాగే వుంటే రేపు దాన్నే ఆధారం చేసుకుని 18-ఎ సెక్షనును కొట్టేయమని ఎవరైనా అడగవచ్చు. అడిగారు కూడా. అందుకే రివ్యూ నిలిచి వుండటం అవసరమైంది. తీర్పు చెప్పిన ఇద్దరిలో జస్టిస్ గోయల్ 2018 జూలైలో రిటైరయ్యారు. 2019 సెప్టెంబరులో రివ్యూను ముగ్గురు జడ్జీల బెంచికి పంపారు. జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ ఎం.ఆర్. షా, జస్టిస్ బి.ఆర్. గవాయ్ దాన్ని విన్నారు.

2019 అక్టోబరు 1

ఆ రోజు వచ్చిన తీర్పు మన పేటల్లో చదివి వినిపించదగ్గది. దాని సారం మన మాటల్లో చెప్పుకుందాం.

దళితులు, గిరిజనులు చట్టాన్ని దుర్వినియోగం చేస్తారని ఒక వర్గం మొత్తాన్ని అనుమానించడం తప్పు. అబద్ధపు ఫిర్యాదు ఎవడైనా ఇస్తే అది ఆ మనిషి లోపం, అతని కులం లోపం కాదు. అలాంటి ఫిర్యాదులు అన్ని కులాలవాళ్ళూ చేయగలరు. కేసులు ఓడిపోవడానికి దర్యాప్తు లోపాలు, సాక్ష్యం నిలవకపోవడం వంటి కారణాలున్నాయి. వాటిని చూడకుండా అంకెలు చూపించి చట్టాన్ని పలచన చేయకూడదు. అంటరానితనం ఇంకా వుంది, పాకీపని ఇంకా వుంది, సమానత్వం కోసం ఆ జనం చేస్తున్న పోరాటం ఇంకా ముగియలేదు.

ఇంకో ముఖ్యమైన మాట. నేరం జరిగిందని తెలిపే ఫిర్యాదు వస్తే పోలీసులు ఎఫ్.ఐ.ఆర్. రాయవలసిందేనని సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల బెంచి 2013లోనే చెప్పింది. పై కులం మనిషి ఫిర్యాదుకు లేని అడ్డంకి, దళితుడి ఫిర్యాదుకు మాత్రం ఎందుకు? మోటారు దొంగతనం మీద ఆసామి పోతే వెంటనే కేసు. ఇల్లు తగలబెట్టారని కూలీ పోతే ముందు ఎంక్వయిరీ! రక్షణ కోసం చేసిన చట్టమే, రక్షణ పొందవలసినవాణ్ణి మిగతావాళ్ళకంటే కింద నిలబెట్టినట్లు కాదా? అరెస్టుకు పై అధికారుల అనుమతి అన్నది చట్టంలో లేని షరతు. చట్టంలో లేని షరతులు చేర్చడం చట్టం చేసేవాళ్ళ పని, కోర్టు పని కాదు.

ఈ కారణాలతో ఆ బెంచి అరెస్టుకు ముందు అనుమతి, కేసుకు ముందు విచారణ అన్న రెండు ఆదేశాలనూ వెనక్కి తీసుకుంది. వాటితో పాటే ధిక్కారం బెదిరింపు కూడా పోయింది. దేశంలోకెల్లా పెద్ద కోర్టు, "మేము ఇచ్చిన ఆదేశాలు నిలవవు" అని రాసి సంతకం చేసింది. దానివల్ల కోర్టు పరువు తగ్గిందా? తగ్గలేదు. తప్పు దిద్దుకున్నవాడి మాటకే విలువ.

అంతా గెలిచామనుకోవద్దు

మనం ఒకరినొకరం మభ్యపెట్టుకోకూడదు. రివ్యూలో ముందస్తు బెయిలు ముక్క వెనక్కి పోలేదు. 2020 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు 18-ఎ సెక్షను చెల్లుతుందని తీర్పు చెప్పింది. ఎఫ్.ఐ.ఆర్.కు ముందు విచారణ అక్కరలేదని, అరెస్టుకు అనుమతి అక్కరలేదని మళ్ళీ స్పష్టం చేసింది. అది మన గెలుపే. కాని ఫిర్యాదును చదివితే ఈ చట్టం కింద నేరం ఉన్నట్లే కనిపించకపోతే, అలాంటి కేసులో ముందస్తు బెయిలుకు అడ్డు లేదని కూడా చెప్పింది.

దీని అర్థం ఏమిటంటే, ఫిర్యాదు కాగితం మీదే చాలా ఆధారపడి వుంది. "నన్ను తిట్టాడు, కొట్టాడు" అని రెండు ముక్కలు రాసి ఇస్తే నిందితుడి లాయరు, "ఇందులో కులం మాటే లేదు" అంటాడు. 2020 నవంబరులో మరో కేసులో సుప్రీంకోర్టు, నాలుగు గోడల మధ్య బయటివాళ్ళెవరూ లేనప్పుడు తిట్టినదాన్ని నలుగురిలో అవమానించినట్లుగా లెక్కించలేమన్నది. కనక ఎక్కడ, ఏ రోజు, ఏ వేళ, ఏ మాటలతో తిట్టాడు, ఎవరెవరు విన్నారు, భూమి తగవైతే సర్వే నంబరు ఎంత, ఎన్నాళ్ళుగా సాగులో వున్నాం, ఇవన్నీ రాయాలి. జరిగిందే రాయాలి. లేనిది ఒక్క ముక్క కలిపినా, వున్న నిజాన్ని కూడా అది ముంచుతుంది. "దుర్వినియోగం" అనే వాదానికి మన చేత్తో మనమే బలం ఇవ్వకూడదు.

ఆ తలుపు వాళ్ళూ తడతారు

రివ్యూ పేదవాడి సొత్తు అనుకోవడం కూడా పొరపాటే. అదే తలుపు దగ్గరికి ప్రభుత్వాలూ పోతాయి. విశాఖ ఏజెన్సీలో, అనంతగిరి మండలం బొర్రా గుహల చుట్టుపక్కల గిరిజన ప్రాంతంలో ప్రైవేటు గనుల లీజులపై సమత అనే సంస్థ కోర్టుకు పోయింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వడం చెల్లదని తీర్పు చెప్పింది. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఒకవైపు, ఒకరు మరోవైపు. ఆ తీర్పు మార్చమని ప్రభుత్వాలు మళ్ళీ సుప్రీంకోర్టునే అడిగాయి. 2000లో కోర్టు కాదన్నది. తీర్పు నిలిచింది.

చూడండి, ఒకచోట తీర్పు మార్చమని అడగటం పేదవాడికి మేలయింది. మరోచోట తీర్పు మార్చకపోవడం పేదవాడికి మేలయింది. అందుచేత రివ్యూ మంచిదా, చెడ్డదా అని అడగటం కత్తి మంచిదా, చెడ్డదా అని అడిగినట్లే. అది ఎవరి చేతిలో వుంది, దేనికోసం అన్నదే ప్రశ్న. మనకు అనుకూలంగా తీర్పు వచ్చిన నాడు కూడా నిద్రపోకూడదు. అవతలివాడు ఆ 30 రోజులూ మేలుకునే వుంటాడు.

మనం చేయవలసింది

ఇప్పుడు మన సంఘాలకు, కార్యకర్తలకు పనికొచ్చే నాలుగు ముక్కలు చెప్పి ముగిస్తాం.

మొదటిది, స్టేషనులో. ఫిర్యాదు నోటితో చెప్పినా పోలీసులు రాసుకుని, చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి. దాని నకలు ఉచితంగా ఇవ్వాలి. అది చట్టంలోని 4వ సెక్షనులోనే వుంది. దళితుడు, గిరిజనుడు కాని అధికారి కావాలని ఈ విధులు నిర్లక్ష్యం చేస్తే ఆరు నెలల నుంచి ఏడాది దాకా శిక్ష పడవచ్చు. అయితే శాఖాపరమైన విచారణలో సిఫారసు వచ్చాకే ఆ కేసు నడుస్తుంది. ఎస్.ఐ. కేసు కట్టకపోతే ఫిర్యాదు సారాంశాన్ని జిల్లా ఎస్.పి.కి పోస్టులో పంపాలి. పోస్టు రసీదు పదిలంగా దాచుకోవాలి. దర్యాప్తు డి.ఎస్.పి. స్థాయికి తగ్గని అధికారే చేయాలి.

రెండోది, లాయరు ఖర్చు. ఎస్.సి., ఎస్.టి.లకు, స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయసేవల చట్టంలో వుంది. మండలం నుంచి సుప్రీంకోర్టు దాకా ఇందుకు కమిటీలున్నాయి. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడగాలి.

మూడోది, గడువు. పెద్ద కోర్టులో మనకు వ్యతిరేకంగా తీర్పు వస్తే రోజులు లెక్కపెట్టుకోవాలి. వారం ఏడ్చి, వారం తిట్టుకుని, వారం చందాలు పోగేసేసరికి నెల గడిచిపోతుంది. తీర్పు వచ్చిన మర్నాడే నకలుకు దరఖాస్తు పెట్టి లాయరుకు చూపించాలి. రివ్యూలో చెల్లే తప్పు ఏమైనా వుందా, లేదా అన్నది అప్పుడే తేల్చుకోవాలి. లేకపోతే లేదని ఒప్పుకుని ఇంకో దారి వెతకాలి. వట్టి రివ్యూకు పోయి వున్న డబ్బూ పోగొట్టుకోకూడదు.

నాలుగోది, అన్నిటికంటే పెద్దది. 2018 తీర్పు కోర్టు గదిలో వేసిన ఒక్క దరఖాస్తుతో మారలేదు. జనం రోడ్డు మీదికొచ్చారు. పార్లమెంటు చట్టం సవరించక తప్పలేదు. కోర్టు ముందు తీర్పులోని తప్పును చట్టం ప్రకారం, అంకెల ప్రకారం చూపించారు. ఈ మూడూ కలిశాయి. లాయరు లేకుండా జనం కేకలేసినంతనే కోర్టు మారదు. కదిలే జనం లేకపోతే, ఆ పిటిషన్ వెయ్యాలన్న తొందర ప్రభుత్వానికి వుండేదా?

చుండూరులో ఎనిమిదిమంది ప్రాణాలు ఏ రివ్యూ పిటిషన్‌తోనూ తిరిగి రావు. కాని వాళ్ళ పేరు చెప్పుకుని బతికే చట్టానికి పళ్ళు ఊడగొడుతుంటే చూస్తూ కూర్చోకుండా అడ్డుకోగలిగాం. రేపు ఇంకో తీర్పు, ఇంకో అంకెల పట్టిక, ఇంకో "దుర్వినియోగం" మాట రావచ్చు. అప్పుడు కూడా ఎవరో ఒకరు, "పెద్ద కోర్టే చెప్పేసింది గదయ్యా" అంటారు.

"చెప్పింది. ఇంతకుముందు కూడా చెప్పింది. తప్పని చూపిస్తే దిద్దుకుంది" అని మనం జవాబు చెప్పాలి.